మాట మూగవోయిన మహాకవి కాజీ నజ్రుల్ ఇస్లాం

బొగ్గు గనుల సైరన్ వింటూ పెరిగిన గోదావరిఖని విద్యార్థులకు రాణీగంజ్ పేరు పరాయిది కాదు. భారతదేశంలో బొగ్గు తవ్వకానికి 1774లో నాంది పలికిన సీమ అది. ఆ సీమలోని చురూలియా గ్రామంలో 1899 మే 24న కాజీ నజ్రుల్ ఇస్లాం జన్మించారు. ఆయన కీర్తిని మనమెరుగుదుము. ఆయన వ్యాధిని గూర్చి కూడ మనము తెలిసికొనవలసియున్నది.

తండ్రి మసీదులో ఇమాము. బాల్యంలోనే తండ్రిని పోగొట్టుకొని, అసన్‌సోల్‌లో రొట్టెల దుకాణంలో పనిచేసి, 1917లో సైన్యంలో చేరిన ఆ యువకుడు 1922లో 'బిద్రోహి' కవితతో వంగదేశాన్ని ఊపివేశారు. పాలకులను ధిక్కరించి కారాగారానికి వెళ్ళి, హుగ్లీ జైలులో నిరాహారదీక్ష పూనారు. 1924లో ప్రమీలాదేవిని వివాహమాడారు. ఇస్లాం భక్తిగీతాలను, కాళికాదేవి కీర్తనలను ఒకే కలంతో రచించారు. అన్యాయంపై ఆగ్రహం, దీనులపై కరుణ, మిత్రులపై వాత్సల్యం: ఇవే ఆయన సంపద.

1942 జులైలో ఆ సంపదకు గండి పడినది. నలభైమూడేళ్ళ వయసులో నాలుక తడబడి, అనతికాలంలోనే మాట పోయినది. 1952లో రాంచీ మానసిక చికిత్సాలయంలో చేర్చారు. 1953లో లండన్‌కు, పిదప వియన్నాకు తీసికొనిపోయారు. వియన్నాలో డాక్టర్ హాన్స్ హాఫ్ అది పిక్ వ్యాధి అని నిర్ణయించారు. నయంచేసే మందు నాడు లేదు, నేటికీ లేదు.

1892లో ప్రాగ్ నగర వైద్యుడు ఆర్నాల్డ్ పిక్ వర్ణించిన ఈ వ్యాధిలో మెదడులో నుదుటి వెనుక భాగము, కణతల భాగము క్రమంగా కృశించును. జ్ఞాపకశక్తి కొంతకాలం నిలిచియుండవచ్చును. కాని సిగ్గు, జాలి, మొగమాటము, ఎదుటివారి ముఖంలోని దుఃఖాన్ని గుర్తించు శక్తి ముందుగా సన్నగిల్లవచ్చును. బంధువు మరణించిన ఇంట నవ్వవచ్చును. కన్నబిడ్డ ఏడ్చినను చలించకపోవచ్చును. లోకులు దానిని పొగరనో, రాతిగుండె అనో, దయ్యము పట్టినదనో అందురు. రోగికి లేని సిగ్గును అతని ఇంటివారు మోయవలసివచ్చును.

మాట లేనందున నజ్రుల్ తన అంతరంగాన్ని ఎవరికీ చెప్పుకొనలేకపోయారు. 1939 నుండి పక్షవాతంతో మంచము పట్టిన ప్రమీలాదేవి, తన బాధను లెక్కింపక ఆయనను కనిపెట్టుకొనియుండి 1962లో కన్నుమూశారు. ప్రతిఫలంగా ఒక్క పలుకైనను దొరకని ఇరువది యేండ్ల సేవ అది! 1972లో బంగ్లాదేశ్ ప్రభుత్వం కవిని ఢాకాకు ఆహ్వానించినది. 1976 ఆగస్టు 29న ఆయన అక్కడనే పరమపదించారు. ముప్పదినాలుగేండ్ల మౌనం అంతటితో ముగిసినది.

విద్యార్థి మిత్రులారా! గనిలో ముప్పదేండ్లు చెమటోడ్చి పదవీ విరమణ చేసిన తాతయ్య ఒకనాడు అకారణంగా కఠినుడైతే, అతని గుణమును నిందించుటకు ముందు మెదడు వైద్యునికి చూపుదము. అతనిని చూచుకొను అమ్మమ్మకు పూటకొకసారైనను విశ్రాంతినిత్తము. నజ్రుల్‌ను మనము ఆయన మౌనంతో తూచుట లేదు, ఆయన గీతాలతో తూచుచున్నాము. మన పెద్దలను కూడ వారి రోగంతో గాక, వారు జీవించిన జీవితంతో తూచుటయే న్యాయము.