వి.వి.గిరి

వరాహగిరి వేంకటగిరి (1894 ఆగస్టు 10 - 1980 జూన్) భారతదేశ నాలుగవ రాష్ట్రపతి, కార్మిక నాయకుడు, స్వాతంత్ర్య సమరయోధుడు. ఆయన వి.వి.గిరిగా సుప్రసిద్ధుడు. రాజకీయ పార్టీల అధికారిక అభ్యర్థిగా కాక స్వతంత్రునిగా పోటీచేసి రాష్ట్రపతి పదవిని గెలుచుకున్న ఏకైక వ్యక్తి ఆయనే. 1969లో జరిగిన ఆ ఎన్నిక భారత రాజకీయాలను మలుపు తిప్పింది.

బాల్యము, విద్య

గిరి అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా బరంపురంలో (ఇప్పుడు ఒడిషాలో ఉన్నది) తెలుగు కుటుంబంలో జన్మించాడు. తండ్రి జోగయ్య పంతులు పేరుపొందిన న్యాయవాది. న్యాయశాస్త్రం చదవడానికి గిరి 1913లో ఐర్లండు వెళ్ళి డబ్లిన్‌లో చేరాడు. అక్కడి స్వాతంత్ర్య పోరాటంతో సంబంధం ఉన్నదనే అనుమానం వల్ల 1916లో ఆ దేశం విడిచి రావలసి వచ్చింది.

కార్మికోద్యమం, రాజకీయ జీవితం

స్వదేశానికి తిరిగివచ్చిన గిరి బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితం చేశాడు. అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు రెండు పర్యాయాలు అధ్యక్షుడయ్యాడు. 1931లో రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మికుల ప్రతినిధిగా హాజరయ్యాడు. 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజాను ఓడించి రాజాజీ మంత్రివర్గంలో, 1946లో ప్రకాశం మంత్రివర్గంలో కార్మిక శాఖను నిర్వహించాడు. 1947 నుండి 1951 వరకు సిలోనులో భారత హైకమిషనరుగా పనిచేశాడు.

1952లో పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మిక మంత్రి అయ్యాడు. బ్యాంకు ఉద్యోగుల వివాదంలో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చడాన్ని వ్యతిరేకించి 1954లో రాజీనామా చేశాడు. 1957 ఎన్నికలలో పార్వతీపురంలో పరాజయం పొందాడు. అనంతరం ఉత్తర ప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా ఉండి, 1967 మేలో ఉపరాష్ట్రపతి అయ్యాడు.

1969 రాష్ట్రపతి ఎన్నిక

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుసేన్ పదవిలో ఉండగానే మరణించడంతో గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యాడు. జూలైలో బెంగుళూరులో సమావేశమైన కాంగ్రెసు పార్లమెంటరీ బోర్డు, లోక్‌సభ స్పీకరు నీలం సంజీవరెడ్డిని అభ్యర్థిగా ఎంపిక చేసింది. ప్రధాని ఇందిరా గాంధీ జగ్జీవన్ రాం పేరును కోరినా సిండికేటుగా పేరుపడిన సీనియర్ నాయకుల మాటే నెగ్గింది. గిరి స్వతంత్రునిగా పోటీచేస్తానని ప్రకటించాడు. జూలై 19న పద్నాలుగు బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సుపై సంతకం చేసి, మరుసటి రోజు రాజీనామా చేశాడు. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లా రాష్ట్రపతి బాధ్యతలు స్వీకరించాడు.

రాష్ట్రపతి ఎన్నికలో ఓటర్లు పార్లమెంటు ఉభయసభల, శాసనసభల ఎన్నికైన సభ్యులు మాత్రమే. అందువల్ల ప్రచారం బహిరంగసభలలో కాక ప్రధానంగా శాసనసభ్యుల మధ్య సాగుతుంది. ఒక్కొక్క ఓటుకు విలువ ఉంటుంది. 1969లో ఎం.పి. ఓటు విలువ 576 కాగా, ఆంధ్ర ప్రదేశ్ శాసనసభ్యుని ఓటు విలువ 125. ఓటరు అభ్యర్థులకు ప్రాధాన్యతా క్రమంలో అంకెలు వేయాలి. మొదటి లెక్కింపులో ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే, చివరి స్థానంలోనివారిని తొలగించి, వారి ఓట్లను తరువాతి ప్రాధాన్యత ప్రకారం మిగిలినవారికి పంచుతారు.

ఈ రెండవ ప్రాధాన్యత ఓట్లే వివాదానికి మూలమయ్యాయి. జనసంఘ్, స్వతంత్ర పార్టీల అభ్యర్థి సి.డి.దేశ్‌ముఖ్. ఆయన ఓటర్ల రెండవ ప్రాధాన్యత కోసం కాంగ్రెసు అధ్యక్షుడు నిజలింగప్ప ఆ పార్టీల నాయకులతో మాట్లాడగా, ఇందిర వర్గం దానిని తప్పుపట్టింది. సంజీవరెడ్డి నామినేషనుపై సంతకం చేసిన ఇందిరయే, అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయవచ్చునని తన పార్టీ సభ్యులకు సూచించింది. కమ్యూనిస్టులు, డి.ఎం.కె., అకాలీదళ్ గిరిని బలపరచారు. పార్టీ నిర్ణయమా, మనస్సాక్షియా అనే ప్రశ్న ప్రతి కాంగ్రెసు సభ్యుని ముందు నిలిచింది.

ఆగస్టు 16న పోలింగు జరిగింది. బరిలో పదిహేను మంది ఉన్నారు. ఆగస్టు 20న జరిగిన మొదటి లెక్కింపులో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 ఓట్లు వచ్చాయి. గెలుపునకు 4,18,169 అవసరం. మిగిలినవారిని తొలగించి ఓట్లు పంచగా సంజీవరెడ్డికి 91,879, గిరికి 18,562 అదనంగా చేరాయి. అయినను 4,20,077 ఓట్లతో గిరి గెలిచాడు. సంజీవరెడ్డికి 4,05,427 వచ్చాయి. రెండవ ప్రాధాన్యత ఓట్లతో తేలిన రాష్ట్రపతి ఎన్నిక ఇదొక్కటే.

ఎన్నిక తరువాత

ఆగస్టు 24న గిరి ప్రమాణస్వీకారం చేశాడు. అదే సంవత్సరం నవంబరులో కాంగ్రెసు రెండుగా చీలిపోయింది. సంజీవరెడ్డిపై పేరులేని కరపత్రం పంచారంటూ, తదితర ఆరోపణలతో గిరి ఎన్నికను సుప్రీంకోర్టులో సవాలు చేశారు. పదవిలో ఉండగానే గిరి స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యమిచ్చాడు. 1970లో కోర్టు పిటిషన్లను కొట్టివేసింది. 1974లో చట్టాన్ని సవరించి, నామినేషనుకు పదిమంది ఓటర్ల ప్రతిపాదన, పదిమంది బలపరచడం తప్పనిసరి చేశారు. ఓడిన సంజీవరెడ్డి 1977లో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యాడు.

గిరి 1974 ఆగస్టులో పదవీ విరమణ చేశాడు. 1975లో భారతరత్న పురస్కారం అందుకున్నాడు. 1980 జూన్‌లో మద్రాసులో మరణించాడు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు ఆయన పేరు పెట్టారు.