మఠం తోటలో బఠానీ గింజలు

పుట్టుకతోనే చెవులు వినబడని బిడ్డ ఒక ఇంట్లో పుడుతుంది. చూడవచ్చిన బంధువులు వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర గుసగుసలాడుకుంటారు, ఈ తల్లిదండ్రులు ఏ పాపం చేశారోనని. చర్చి ఆవరణలోనూ ఆ గుసగుస వినబడుతుంది. పుట్టు గుడ్డివాడిని చూసిన యేసుప్రభువు శిష్యులు ఆయనను అడిగిందీ ఇదే. బిడ్డకు ఒక లక్షణం ఎందుకు వస్తుంది? అది శిక్షా? గుడ్డి యాదృచ్ఛికమా? లేక దాని వెనుక ఒక నియమం ఉందా? తరతరాల తత్వవేత్తలనూ జీవశాస్త్రవేత్తలనూ వేధించిన ఈ ప్రశ్నకు సగం జవాబును కనుగొన్నవాడు ఒక క్రైస్తవ మఠవాసి. ఆయనే గ్రెగర్ మెండెల్.

1822లో ఆస్ట్రియా సామ్రాజ్యంలోని హైన్‌జెండార్ఫ్ అనే పల్లెలో, నేటి చెక్ రిపబ్లిక్ భూభాగంలో, ఒక రైతు ఇంట మెండెల్ పుట్టాడు. 1838లో దుంగ మీద పడి తండ్రి గాయపడటంతో కుటుంబం చితికిపోయింది. చదువు ఆగిపోయే తరుణంలో చెల్లెలు తెరేజియా తన కట్నంలో కొంత భాగాన్ని అన్న చదువుకిచ్చింది. ఆ రుణాన్ని మెండెల్ మరచిపోలేదు. తర్వాతి కాలంలో ఆమె ముగ్గురు కొడుకుల చదువులకు అండగా నిలిచాడు. 1843లో బ్రనో పట్టణంలోని సెయింట్ థామస్ మఠంలో చేరి, 1847లో గురుపట్టాభిషేకం పొందాడు.

అయితే ఆసుపత్రిలో రోగులను పరామర్శించే పరిచర్య ఆయన వల్ల కాలేదు. వారి బాధ చూడలేక తానే మంచం పట్టాడు. అది గమనించిన మఠాధిపతి ఆయనను ఒక పాఠశాలకు ఉపాధ్యాయునిగా పంపాడు. 1850లో ఉపాధ్యాయ అర్హత పరీక్ష తప్పాడు. 1856లో రెండోసారి కూడా గట్టెక్కలేకపోయాడు. రోగుల పరిచర్యకు పనికిరాక, పరీక్షలోనూ నెగ్గని ఈ మనిషిని మనమైతే పక్కన పెట్టేసేవాళ్లమే! కానీ మధ్యలో 1851 నుండి 1853 దాకా వియన్నా విశ్వవిద్యాలయంలో నేర్చుకున్న భౌతికశాస్త్రం, గణితం ఆయనకు లెక్కపెట్టి ఆలోచించడం నేర్పాయి.

తల్లిదండ్రుల లక్షణాలు పాలూ నీళ్లలా కలిసిపోతాయని ఆ రోజుల్లో చాలామంది నమ్మేవారు. మెండెల్ మఠం తోటలో 35 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పున్న మడిలో బఠానీ మొక్కలు పెంచాడు. పూవు విచ్చకముందే కేసరాలు తీసివేసి, మరో మొక్క పుప్పొడి దానికి అంటించి, పురుగులు వాలకుండా సంచి కట్టేవాడు. 1856 నుండి 1863 దాకా దాదాపు 28 వేల మొక్కలను ఇలా పరిశీలించాడు. పసుపు గింజల రకాన్ని ఆకుపచ్చ గింజల రకంతో సంకరం చేస్తే తొలి తరంలో అన్నీ పసుపు గింజలే వచ్చాయి. ఆకుపచ్చ మాయమైపోయింది! కానీ వాటిని నాటితే రెండో తరంలో 6,022 పసుపు గింజలు, 2,001 ఆకుపచ్చ గింజలు వచ్చాయి. అంటే దాదాపు మూడింటికి ఒకటి. పోయిందనుకున్న ఆకుపచ్చ పోలేదు, దాగి ఉంది!

ప్రతి లక్షణానికీ తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి కారకాలు వస్తాయనీ, రెంటిలో ఏది బిడ్డకు చేరుతుందన్నది చీటీ తీసినట్టే ఉంటుందనీ మెండెల్ గ్రహించాడు. ఏ ఒక్క గింజ రంగునూ ముందే చెప్పలేం. కానీ వేల గింజలను లెక్కిస్తే ఒక క్రమం కనిపిస్తుంది. యాదృచ్ఛికం ఉంటే నియమం ఉండదనుకునేవారికి ఆ మడి ఇచ్చిన జవాబు ఇది. రెండూ ఒకే కాయలో ఇమిడి ఉన్నాయి.

1865లో ఆయన తన పరిశోధనను బ్రనోలోని శాస్త్ర సంఘం ముందు వినిపించాడు. 1866లో అది అచ్చయింది. కానీ దాని విలువ ఎవరికీ పట్టలేదు. 1868లో మఠాధిపతి అయ్యాక పరిపాలనా భారంతో, పన్నుల వివాదాలతో ప్రయోగాలకు తీరిక చిక్కలేదు. 1884లో కన్నుమూశాడు. 1900లో ముగ్గురు శాస్త్రవేత్తలు వేర్వేరుగా అదే నియమాన్ని చేరుకుని, ఆయన వ్యాసాన్ని వెలికితీశారు. ఆకుపచ్చ గింజలా ఆయన శ్రమ కూడా దాగి ఉండి మళ్లీ మొలిచింది.

అయితే ఆ జ్ఞానాన్ని మనిషి ఏం చేశాడు? మనిషి అంటే అతని కారకాల మొత్తమేనని కొందరు తీర్మానించారు. 1933లో జర్మనీ చేసిన చట్టం కింద, వంశపారంపర్య లోపాలున్నవారంటూ దాదాపు 4 లక్షల మందికి బలవంతంగా సంతానం కలగకుండా చేశారు. ఆ తీర్మానం తప్పని వైద్యశాస్త్రమే చూపింది. ఫినైల్‌కీటోన్యూరియా అనే వంశపారంపర్య వ్యాధి మెదడును దెబ్బతీస్తుంది. కానీ పుట్టిన వెంటనే గుర్తించి ప్రత్యేక ఆహారం ఇస్తే బిడ్డ తెలివితేటలు చక్కగా వికసిస్తాయి. కారకం అదే, కానీ దాన్ని అక్కున చేర్చుకున్న చేతులు వేరు!

ఇప్పుడు మళ్లీ ఆ ఇంటికి వెళ్దాం. పుట్టు చెవుడుకు కారణాలు అనేకం. వాటిలో ఒకటి, తల్లిదండ్రులిద్దరిలోనూ దాగి ఉన్న ఒకే కారకం. వారిద్దరూ చక్కగా వింటారు. కానీ ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ లోపం వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. దగ్గరి బంధువుల్లో ఒకే కారకం దాగి ఉండే అవకాశం ఎక్కువ గనుక, మేనరికాలున్న మన తెలుగునాట ఈ సంగతి తెలిసి, పెళ్లికి ముందే వైద్యులను సంప్రదించడం వివేకం. కానీ బిడ్డ పుట్టాక తల్లిదండ్రులను దోషులుగా నిలబెట్టడం మాత్రం అజ్ఞానం, అంతకుమించి క్రూరత్వం.

ఆ లోపం ఎలా వచ్చిందో మెండెల్ గింజలు చెబుతాయి. ఆ బిడ్డ ఎవరికోసం, ఎందుకోసం అన్నది గింజలు చెప్పలేవు. ఆ మిగతా సగం జవాబు యోహాను సువార్త 9వ అధ్యాయంలో ఉంది. పుట్టు గుడ్డివాడి విషయంలో అతని పాపమూ, అతని తల్లిదండ్రుల పాపమూ కారణం కాదని ప్రభువు తేల్చి చెప్పాడు. అంతటితో ఆగక, వంగి మట్టిని తాకి, ఆ కళ్లకు పూశాడు. శిష్యులు కారణం వెదుకుతున్నారు, ప్రభువు పని మొదలుపెట్టాడు.

మనం కూడా గుమ్మం దగ్గర గుసగుసలు మాని లోపలికి వెళ్దాం. ఆ తల్లి చేయి పట్టుకుందాం, ఆ బిడ్డతో సైగలతో మాట్లాడటం నేర్చుకుందాం. దేవుని క్రియలు ప్రత్యక్షం కావలసింది అక్కడే, అదీ మన చేతుల ద్వారానే!