ఆఫీసు వేళల తరువాత — సర్ సి.వి. రామన్

ప్రత్యేక సంచికకు ఎవరైనా మహనీయుని గురించి రాయమని కార్యదర్శి గారు కోరగా, నాకు వెంటనే సర్ సి.వి. రామన్ గారు గుర్తుకు వచ్చారు. అందరూ ఆయనను శాస్త్రవేత్తగానే ఎరుగుదురు. కానీ ఆయన కూడా మనలాగే పదేళ్లు లెక్కల ఫైళ్లు చూసిన ప్రభుత్వోద్యోగి.

రామన్ గారు 1888 నవంబరు 7న తిరుచిరాపల్లిలో జన్మించారు. తండ్రిగారు విశాఖపట్నం ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు కావడంతో ఆయన తొలి చదువు మన విశాఖలోనే సాగింది. మద్రాసులో ఎం.ఏ. ముగించి, ఆర్థికశాఖ పోటీ పరీక్షలో ప్రథములుగా నెగ్గి, 1907లో కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరారు. అప్పటికి ఆయనకు పంతొమ్మిదేళ్లు కూడా నిండలేదు.

బౌబజారు వీధిలో ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ అనే సంస్థ ఉండేది. తెల్లవారుజామున అక్కడికి వెళ్లి ప్రయోగాలు చేసుకుని, వేళకు ఆఫీసుకు హాజరై, సాయంత్రం మళ్లీ అక్కడికే వెళ్లి రాత్రి పొద్దుపోయాక ఇల్లు చేరేవారు. మధ్యలో రంగూన్, నాగపూర్ బదిలీలు వచ్చినా ఆ పని ఆపలేదు. 1917లో కలకత్తా విశ్వవిద్యాలయం ఆచార్య పదవి ఇవ్వగా, జీతం దాదాపు సగానికి తగ్గుతుందని తెలిసీ సర్కారు కొలువు వదిలేశారు. ఇంక్రిమెంట్లు లెక్కపెట్టుకున్న మనకు ఆ సాహసం విలువ తెలుసు!

1921లో ఓడ ప్రయాణంలో మధ్యధరా సముద్రపు నీలిరంగు చూసి, నీటి అణువులే వెలుగును చెదరగొడుతున్నాయని గ్రహించారు. ఏడేళ్ల కృషి తరువాత, 1928 ఫిబ్రవరి 28న, శిష్యులు కె.ఎస్. కృష్ణన్ గారితో కలిసి చేసిన పరిశోధన ఫలించింది.

దాన్ని నాకు తెలిసినంతలో చెబుతాను. ఒక పదార్థం మీద ఒకే రంగు వెలుగు పడితే, చెదిరిన వెలుగు దాదాపు అంతా అదే రంగులో వస్తుంది. కోటిలో ఒక వంతు మాత్రం రంగు మారుతుంది. కంపిస్తున్న అణువులు వెలుగు నుంచి కొంత శక్తి పుచ్చుకోవడమో, దానికి కొంత ఇవ్వడమో చేయడమే కారణం. స్పెక్ట్రోగ్రాఫులో చూస్తే అసలు గీతకు అటూ ఇటూ కొత్త గీతలు కనిపిస్తాయి. ఆ ఎడం ఏ పదార్థానికి ఆ పదార్థానిదే, మన వేలిముద్రల మాదిరిగా. వజ్రానికి అది సెంటీమీటరుకు 1332 తరంగాలు. గాజు ముక్కలో ఆ గీత రాదు. కోయనక్కరలేదు, కాల్చనక్కరలేదు. నేడు లేజర్ దీపాలతో, చేతిలో పట్టే పరికరాలతో మందులను, రత్నాలను ఈ పద్ధతిలోనే పరీక్షిస్తున్నారు.

1930లో నోబెల్ బహుమతి, 1954లో భారతరత్న లభించాయి. మన తెలుగువారైన సూరి భగవంతం గారు ఆయన వద్ద పనిచేసి, ఈ విద్యను ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కొనసాగించారు.

నన్ను కదిలించినది మాత్రం ఆయన విశ్రాంత జీవితం. 1948లో బెంగుళూరు సంస్థ నుంచి పదవీ విరమణ చేసి, అక్కడే సొంత పరిశోధనాలయం స్థాపించారు. 1970 నవంబరు 21న కన్నుమూసే వరకు వజ్రాలు, పువ్వుల రంగులు పరిశీలిస్తూనే ఉన్నారు.

నేను బి.ఎస్సీ. ఫిజిక్సు చదివాను. సోడియం దీపం ముందు స్పెక్ట్రోమీటరులో పక్కపక్కన రెండు పసుపు గీతలు చూసి మురిసిన రోజు ఇప్పటికీ గుర్తే. గుమాస్తా ఉద్యోగం వచ్చాక, ఆఫీసుతోనే తీరిక లేదని ముప్పై ఏళ్లకు పైగా ఇంట్లో చెప్పుకుంటూ వచ్చాను. రామన్ గారి దినచర్య చదివాక ఆ మాట నా నోటికి రావడం లేదు.

ఇప్పుడు శనివారం సాయంత్రాలు మా వీధి బడికి పాత సి.డి. ఒకటి పట్టుకెళ్తున్నాను. ట్యూబులైటు వెలుగు దానిమీద పడితే రంగులు విడిపోతాయి. అందులో పచ్చరంగు పట్టీ పాదరసానిదని, రామన్ గారు వాడినదీ పాదరసపు దీపమేనని చెబితే పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ చూస్తారు. ఆలస్యమైనా మొదలుపెట్టాను. మీలో ఎవరికైనా అటకెక్కిన అభిరుచి ఉంటే, దయచేసి కిందికి దించండి.