గ్రేస్ హాపర్

గ్రేస్ బ్రూస్టర్ మర్రే హాపర్ (డిసెంబర్ 9, 1906 - జనవరి 1, 1992) అమెరికాకు చెందిన గణిత శాస్త్రవేత్త, కంప్యూటర్ శాస్త్రవేత్త, ఆ దేశపు నౌకాదళంలో రియర్ అడ్మిరల్ హోదా పొందిన అధికారిణి. తొలితరం కంప్యూటర్లకు ప్రోగ్రాములు వ్రాసినవారిలో ఈమె ఒకరు. కంపైలర్ అనే భావనకు రూపమిచ్చినవారిలో అగ్రగణ్యురాలు. కోబాల్ భాషకు ఈమె కృషి ప్రధానమైన ఆధారం. కంప్యూటరులో దొరికిన చిమ్మట కథ వలన ఈమె పేరు సామాన్య పాఠకులకు కూడా పరిచయమే. కాని సాఫ్ట్‌వేర్ పరీక్షా రంగానికి ఈమె చేసిన అసలు సేవ ఆ కథలో లేదు. ఒక కంపైలర్ ప్రమాణానికి కట్టుబడి ఉన్నదా లేదా అన్న విషయాన్ని తయారీదారు మాట మీద గాక పరీక్ష ద్వారా తేల్చే పద్ధతికి ఈమె సుమారు దశాబ్దం పాటు నాయకత్వం వహించింది.

బాల్యం, విద్య

ఈమె న్యూయార్క్ నగరంలో ముగ్గురు పిల్లలలో పెద్దదిగా జన్మించింది. ఏడేళ్ళ వయసులో అలారం గడియారం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి ఇంట్లోని గడియారాలను ఒకదాని తరువాత ఒకటి, మొత్తం ఏడింటిని విప్పివేసిందని ప్రసిద్ధి. తల్లి కోప్పడలేదు గాని ఇకపై ఒకే గడియారంతో సరిపెట్టుకొమ్మని కట్టడి చేసిందట.

1928లో వాసర్ కళాశాల నుండి గణితం, భౌతికశాస్త్రాలలో పట్టభద్రురాలైంది. యేల్ విశ్వవిద్యాలయంలో 1930లో ఎం.ఎ., 1934లో గణితంలో డాక్టరేటు పొందింది. 1930లో విన్సెంట్ ఫాస్టర్ హాపర్‌ను వివాహమాడింది. 1945లో వారు విడాకులు తీసుకున్నారు. పిల్లలు లేరు. భర్త ఇంటిపేరును మాత్రం ఆమె చివరివరకు అలాగే ఉంచుకున్నది. 1931 నుండి వాసర్ కళాశాలలో గణితం బోధించి, 1941 నాటికి అసోసియేట్ ప్రొఫెసరు అయింది.

నౌకాదళంలో ప్రవేశం

రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రవేశించిన తరువాత ఈమె నౌకాదళంలో చేరదలచింది. ఆమె ముత్తాత అలెగ్జాండర్ విల్సన్ రస్సెల్ నౌకాదళంలో రియర్ అడ్మిరల్. అయితే ఆమె వయసు 30 దాటింది, బరువు కనీస పరిమితి కన్నా 15 పౌండ్లు తక్కువ. పైగా గణిత అధ్యాపకురాలిగా ఉండడమే దేశానికి ఎక్కువ ఉపయోగమని అధికారులు భావించారు. ప్రత్యేక మినహాయింపు సంపాదించి 1943 డిసెంబరులో నౌకాదళ రిజర్వు మహిళా విభాగమైన వేవ్స్‌లో చేరింది. 1944లో శిక్షణలో తన తరగతిలో ప్రథమురాలిగా నిలిచి, లెఫ్టినెంట్ (జూనియర్ గ్రేడ్) హోదాతో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని గణన ప్రాజెక్టుకు నియమింపబడింది.

అక్కడ హోవర్డ్ ఐకెన్ పర్యవేక్షణలో మార్క్ 1 అనే యంత్రం నడుస్తున్నది. దాని పొడవు 51 అడుగులు, బరువు సుమారు 5 టన్నులు. సెకనుకు మూడు కూడికలు చేసేది. ఆజ్ఞలను కాగితపు పట్టీ మీద రంధ్రాలుగా పొడిచి అందించవలసి ఉండేది. ఒక్క రంధ్రం తప్పితే లెక్క మొత్తం తప్పుతుంది. లెక్కలేమో ఫిరంగి గుళ్ళ ప్రయాణపు పట్టికల వంటి యుద్ధ అవసరాలవి. రిచర్డ్ బ్లాక్, రాబర్ట్ కాంప్‌బెల్‌లతో పాటు ఆ యంత్రానికి ప్రోగ్రాములు వ్రాసిన మొదటివారిలో హాపర్ ఒకరు. ఐకెన్ ఆదేశంపై ఆ యంత్రాన్ని నడిపే విధానాన్ని వివరిస్తూ 500 పుటలకు మించిన గ్రంథాన్ని సిద్ధం చేసింది. అది 1946లో వెలువడింది.

యుద్ధానంతరం వాసర్ కళాశాల పూర్తి ప్రొఫెసరు పదవిని ఇవ్వజూపినా కాదని, 1949 వరకు హార్వర్డ్‌లోనే పరిశోధకురాలిగా ఉన్నది. అక్కడ ఆమెకు శాశ్వత ఉద్యోగం దొరకలేదు. ఆ రోజులలో మద్యపాన వ్యసనం ఆమెను బాధించిందని జీవితచరిత్రకారులు వ్రాశారు.

చిమ్మట కథ

1947 సెప్టెంబరు 9న హార్వర్డ్‌లో పరీక్షలో ఉన్న మార్క్ 2 యంత్రం సరిగా పనిచేయలేదు. వెదకగా 70వ నంబరు రిలేలో ఒక చిమ్మట ఇరుక్కొని ఉన్నది. సిబ్బంది దానిని తీసి, యంత్రపు రోజువారీ నమోదు పుస్తకంలో అంటుపట్టీతో అతికించి, నిజమైన బగ్ దొరకడం ఇదే మొదటిసారి అన్న అర్థం వచ్చేలా చమత్కారంగా ఒక వాక్యం వ్రాశారు. ఆ పుట తరువాత వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థ వారి అమెరికా చరిత్ర మ్యూజియమునకు చేరింది.

ఈ కథను ఆధారం చేసుకొని బగ్ అనే మాటను హాపర్ పుట్టించిందని పలుచోట్ల వ్రాస్తుంటారు. అది సరికాదు. యంత్రాలలోని లోపాన్ని బగ్ అనడం 19వ శతాబ్దంలోనే ఉన్నది. థామస్ ఎడిసన్ 1878లో వ్రాసిన ఉత్తరంలో ఆ వాడుక కనిపిస్తుంది. నమోదు పుస్తకంలోని చమత్కారం కూడా ఆ మాట అప్పటికే వాడుకలో ఉంటేనే పండుతుంది. చిమ్మటను కనుగొన్నది కూడా హాపర్ కాదు. ఈ సంగతి ఆమె ఏనాడూ దాచలేదు. తన ఉపన్యాసాలలో ఆ కథను పదేపదే చెప్పి ప్రపంచమంతటికీ తెలియజేసినది మాత్రం ఆమెయే.

కంపైలర్

1949లో ఫిలడెల్ఫియాలోని ఎకర్ట్-మాక్లీ కంప్యూటర్ కార్పొరేషన్‌లో సీనియర్ గణితవేత్తగా చేరింది. 1950లో ఆ సంస్థను రెమింగ్టన్ రాండ్ కొనుగోలు చేసింది. అక్కడ తయారైన యూనివాక్ 1, అమెరికాలో వ్యాపార అవసరాలకు తయారైన తొలి పెద్ద ఎలక్ట్రానిక్ కంప్యూటరు.

కంపైలర్ ఆలోచన వెనుక ఉన్న కారణం నాణ్యతకు సంబంధించినదే. హార్వర్డ్‌లో ప్రోగ్రామర్లు బాగా పనిచేసిన ఆజ్ఞల వరుసలను నోటు పుస్తకాలలో వ్రాసి పెట్టుకొని, అవసరమైనప్పుడు ఒకరి పుస్తకం నుండి మరొకరు చేతితో ఎత్తి వ్రాసుకొనేవారు. ఎత్తి వ్రాసేటప్పుడు అక్షరాలు తారుమారయ్యేవి, చిరునామాలు కూడేటప్పుడు తప్పులు దొర్లేవి. పరీక్షించి సరియని తేలిన వరుస కూడా నకలు చేయగానే మళ్ళీ అనుమానాస్పదమయ్యేది. ఈ నకలు చేసే పని, కూడికలు చేసే పని యంత్రానికే అప్పగిస్తే మనిషి చేసే తప్పులు పోతాయని హాపర్ గ్రహించింది. ఆ ప్రకారం 1952 నాటికి ఎ-0 అనే వ్యవస్థ సిద్ధమైంది. అది నేటి అర్థంలో పూర్తి కంపైలర్ కాదు. టేపు మీద నిల్వ ఉన్న ఉపప్రోగ్రాములను పిలిచి, ఒకచోట కూర్చే సాధనం. అయినా ప్రోగ్రాము వ్రాసే ప్రోగ్రాము సాధ్యమేనని నిరూపించింది. కంప్యూటర్లు లెక్కలు మాత్రమే చేయగలవని నమ్మిన నాటి వారిని ఒప్పించడానికి ఆమెకు కొన్నేళ్ళు పట్టింది.

తరువాత వ్యాపార లెక్కలు చేసేవారు బీజగణిత సంకేతాలకన్నా మాటలనే ఇష్టపడతారని గమనించి, ఇంగ్లీషు పదాలతో ఆజ్ఞలు వ్రాయగల ఫ్లో-మాటిక్ భాషను తన బృందంతో తయారు చేయించింది. పై అధికారుల ముందు చిన్న ప్రోగ్రామును ఇంగ్లీషు పదాలతోనే గాక ఫ్రెంచి, జర్మన్ పదాలతో కూడా చూపించింది. మాట మారినా యంత్రం చేసే పని మారదని నిరూపించడం ఆమె ఉద్దేశం. అధికారులు మాత్రం అమెరికాలో తయారైన యంత్రానికి ఫ్రెంచి ఎలా అర్థమవుతుందని కలవరపడ్డారు.

కోబాల్

1950వ దశకం చివరికి ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క భాష ఏర్పడింది. కంప్యూటరు మారిస్తే ప్రోగ్రాములన్నీ తిరిగి వ్రాసుకోవాలి. ఈ ఇబ్బందిని తొలగించడానికి 1959 మే నెలలో అమెరికా రక్షణశాఖ పెంటగాన్‌లో సమావేశం జరిపింది. దాని నుండి కొడాసిల్ సంఘం, ఆ సంఘం నుండి కోబాల్ భాష పుట్టినవి. హాపర్‌ను కోబాల్ తల్లి అనడం పరిపాటి. భాషను రూపొందించిన కమిటీలో ఆమె సభ్యురాలు కాదని, ఆ పేరు ఆ కమిటీవారి శ్రమను మరుగుపరుస్తున్నదని కమిటీ సభ్యురాలైన జీన్ సామెట్ అభ్యంతరం తెలిపింది. ఆ అభ్యంతరం న్యాయమైనదే. అయితే కోబాల్‌కు ముఖ్యమైన మూలం ఫ్లో-మాటిక్ అన్న విషయంలో వివాదం లేదు.

1960 డిసెంబరు 6, 7 తేదీలలో ఒకే కోబాల్ ప్రోగ్రామును రెండు వేర్వేరు కంపెనీల యంత్రాలపై, అనగా యూనివాక్ 2, ఆర్.సి.ఎ. 501లపై నడిపి చూపారు. స్వల్ప మార్పులతో రెండింటిపైనా ప్రోగ్రాము నడిచింది.

మళ్ళీ నౌకాదళంలో - కంపైలర్ల పరీక్ష

1966 చివర 60 ఏళ్ళ వయసులో హాపర్ నౌకాదళ రిజర్వు నుండి కమాండర్ హోదాలో పదవీ విరమణ చేసింది. ఏడు నెలలు తిరిగేసరికి, 1967 ఆగస్టులో, నౌకాదళం ఆమెను ఆరు నెలల పనికని తిరిగి పిలిపించింది. ఆ ఆరు నెలలు, నడుమ చిన్న విరామంతో, 19 ఏళ్ళయింది.

పిలిపించిన కారణం ఇది. నౌకాదళం వేర్వేరు కంపెనీల కంప్యూటర్లు కొన్నది. అన్నింటిలోనూ కోబాల్ ఉన్నది. అయినా ఒకచోట నడిచిన ప్రోగ్రాము మరొకచోట నడవడం లేదు. 1968లో కోబాల్‌కు అమెరికా జాతీయ ప్రమాణం వచ్చింది. ప్రతి తయారీదారూ తన కంపైలర్ ప్రమాణబద్ధమేనని చెప్పుకొనేవాడు. ఆ మాట నిజమో కాదో తేల్చే సాధనం కొనుగోలుదారు చేతిలో లేదు.

నౌకాదళ ప్రోగ్రామింగ్ భాషల విభాగానికి అధిపతిగా (1967-1977) హాపర్ ఆ సాధనాన్ని సమకూర్చే పని చేపట్టింది. ఆమె బృందం తయారు చేసిన పరీక్షా ప్రోగ్రాములు కోబాల్‌లోనే వ్రాయబడినవి. ప్రమాణంలోని ఒక్కొక్క నియమాన్ని తీసుకొని, దానిని అమలు చేయించి, వచ్చిన ఫలితాన్ని ముందే తెలిసిన సరియైన జవాబుతో పోల్చడం ఈ పద్ధతి. ఉదాహరణకు 12345 అనే సంఖ్యను మూడంకెలు మాత్రమే పట్టే గడిలోకి మారిస్తే ఎడమవైపు అంకెలు పోయి 345 మిగలాలి అన్నది కోబాల్ నియమం. పరీక్షా ప్రోగ్రాము ఆ మార్పు చేసి, మిగిలినది 345 అయితే ఉత్తీర్ణమనీ, కాకుంటే తప్పిందనీ తానే అచ్చువేస్తుంది. తప్పినచోట రావలసిన విలువ, వచ్చిన విలువ రెండూ ప్రక్కప్రక్కన కనిపిస్తాయి. ఇటువంటివి వందలకొద్దీ ఉన్నవి. సొంత ఫలితాన్ని తానే సరిచూసుకొని చెప్పే ఈ తరహా పరీక్షలు నేటి సాఫ్ట్‌వేర్ సంస్థలలో నిత్యకృత్యం. ఆనాడు అది సాధారణం కాదు.

ఈ పరీక్షల వలన మరొక ప్రయోజనం కూడా కలిగింది. రెండు కంపైలర్లు రెండు జవాబులిచ్చి, రెండూ ప్రమాణం ప్రకారం సమర్థనీయమే అయినప్పుడు లోపం ప్రమాణపు వాక్యంలోనే ఉన్నదని బయటపడేది. అయితే పరీక్షలన్నీ నెగ్గిన కంపైలర్ దోషరహితమని కాదు. పరీక్షించిన నియమాల మేరకు తప్పు దొరకలేదని మాత్రమే అర్థం.

పరీక్షలు ఉన్నంత మాత్రాన తయారీదారులు లొంగరు. అసలు బలం కొనుగోలులో ఉన్నది. 1970వ దశకంలో ఇది నౌకాదళాన్ని దాటి అమెరికా ప్రభుత్వ విధానమైంది. ప్రభుత్వానికి అమ్మజూపే కోబాల్ కంపైలర్లు పరీక్షకు నిలువవలసి వచ్చింది. జాతీయ ప్రమాణాల సంస్థ (నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్) ఈ కృషిని కొనసాగించింది. 1980వ దశకంలో రక్షణశాఖ వారి అడా భాషకు కూడా కంపైలర్ల పరీక్ష తప్పనిసరి అయింది.

ఈ పని గురించి పత్రికలు పెద్దగా వ్రాయలేదు. చిమ్మటకు దక్కిన ప్రచారంలో వందో వంతు కూడా దీనికి దక్కలేదు.

చివరి దశ

1973లో కెప్టెన్ హోదా లభించింది. 1983 మార్చిలో టెలివిజన్‌లో ప్రసారమైన 60 మినిట్స్ కార్యక్రమం ఆమెను దేశమంతటికీ పరిచయం చేసింది. దానిని చూసిన ప్రతినిధుల సభ సభ్యుడు ఫిలిప్ క్రేన్ చొరవతో అదే ఏడాది కొమొడోర్‌గా పదోన్నతి పొందింది. 1985లో ఆ హోదా పేరు రియర్ అడ్మిరల్ (లోయర్ హాఫ్)గా మారింది. 1986 ఆగస్టు 14న బోస్టన్‌లో కాన్‌స్టిట్యూషన్ అనే చారిత్రక నౌకపై పదవీ విరమణ చేసింది. అప్పటికి ఆమె వయసు 79, నౌకాదళంలో పనిచేస్తున్న అధికారులందరిలోనూ పెద్దది.

ఉపన్యాసాలకు వెళ్ళినపుడు సుమారు 30 సెంటీమీటర్ల తీగముక్కలు పంచిపెట్టేది. నానోసెకనులో విద్యుత్తు గరిష్ఠంగా ప్రయాణించగల దూరం అది. ఆలస్యం ఎందుకవుతున్నదని అడిగే సైనికాధికారులకు కూడా అదే చూపేది. ఆమె గదిలోని గోడ గడియారం ఎదురు దిశలో తిరిగేది. ఎప్పటి నుండో అలాగే చేస్తున్నామన్న జవాబు ఆమెకు గిట్టదు.

విరమణ తరువాత డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌కు సలహాదారుగా పనిచేసింది. 1992 జనవరి 1న వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో 85వ ఏట మరణించింది. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో సైనిక లాంఛనాలతో ఖననం చేశారు.

పురస్కారాలు

1969లో డేటా ప్రాసెసింగ్ మేనేజ్‌మెంట్ అసోసియేషన్ వారి ఆ ఏటి ఉత్తమ పురుషుడు పురస్కారం ఆమెకే దక్కింది. బహుమతి పేరును మార్చాలని ఎవరికీ తోచినట్లు లేదు. 1991లో అమెరికా జాతీయ టెక్నాలజీ పతకం, మరణానంతరం 2016లో ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ లభించినవి. 1997లో విధులలో చేరిన యుద్ధనౌకకు హాపర్ పేరు పెట్టారు. యేల్ విశ్వవిద్యాలయం 2017లో తన కళాశాలలలో ఒకదానికి ఆమె పేరు పెట్టింది. కంప్యూటర్ రంగంలోని మహిళల కొరకు ఆమె పేరిట సదస్సులు 1994లో ప్రారంభమైనవి.

కోబాల్, తెలుగువారు

హాపర్ మరణించిన కొద్ది ఏళ్ళకే ఆమె కృషి ఫలితమైన భాష హైదరాబాదు అమీర్‌పేటలోని శిక్షణ కేంద్రాల ద్వారా ఎందరో తెలుగు యువకులకు ఉపాధి మార్గమైంది. సంవత్సరాన్ని రెండంకెలలో వ్రాసే అలవాటు పంచి కార్డుల కాలం నుండి కోబాల్ ప్రోగ్రాములలోకి వచ్చింది. 2000 సంవత్సరం రాగానే ఆ ప్రోగ్రాములు తప్పు లెక్కలు చేస్తాయన్న భయంతో (వై2కె సమస్య) అమెరికాలోని బ్యాంకులు, బీమా సంస్థలు 1990వ దశకం చివర వాటిని సవరించడానికి పెద్ద ఎత్తున మనుషులను పెట్టుకున్నవి. సవరించిన ప్రతి ప్రోగ్రామునూ మళ్ళీ పరీక్షించవలసి వచ్చింది. తెలుగు ఇంజనీర్లలో చాలామందికి సాఫ్ట్‌వేర్ పరీక్షతో మొదటి పరిచయం ఆ విధంగానే కలిగింది.

కోబాల్ కంపైలర్ల పరీక్షల చివరి సంపుటి 1985 నాటి ప్రమాణానికి అనుగుణంగా తయారైంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయిన గ్నూకోబాల్ కంపైలర్‌ను అభివృద్ధి చేసేవారు తమ కంపైలర్‌ను సరిచూసుకోవడానికి ఇప్పటికీ ఆ సంపుటినే నడుపుతున్నారు.