యంత్రమే గురువుగా : శ్రీ జి. డి. నాయుడు జీవితం

కాణిపాకం అనే పేరులో కాణి అంటే మాగాణి అనీ, పాకం అంటే ఆ మాగాణిలోనికి పారే నీరు అనీ పెద్దలు చెబుతారు. బాహుదా నది ఎండిన నెలలలో ఈ ప్రాంతపు రైతుకు బావియే దిక్కు. ఒకప్పుడు ఏతాములు, కపిల మోటలు నీటిని తోడినవి. పిమ్మట ఆయిలు ఇంజనులు, ఆ పైన కరెంటు మోటార్లు వచ్చినవి. ఆ మోటార్ల మీద కోయంబత్తూరు పేరును చూడనివారు మన జిల్లాలో అరుదు. ఆ పట్టణం యంత్రాలకు పుట్టినిల్లు కావడానికి కారకులైన వారిలో అగ్రగణ్యుడు ఒక తెలుగు రైతుబిడ్డ. ఆయనే శ్రీ గోపాలస్వామి దొరస్వామి నాయుడు.

నాయుడుగారు 1893 మార్చి 23న కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో జన్మించారు. తరతరాల క్రిందట తమిళదేశంలో స్థిరపడి ఇంటిలో తెలుగు మాట్లాడుకొనే కుటుంబం వారిది. పసితనంలోనే తల్లిని కోల్పోయారు. చదువు ఆయనకు అబ్బలేదు. అబ్బలేదనడం కంటే బడి ఆయనను పట్టి ఉంచలేకపోయినదనడం న్యాయం. ప్రాథమిక విద్యతోనే పలకకు స్వస్తి చెప్పి పొలం బాట పట్టారు.

ఒకనాడు ఆ పల్లెకు ఒక ఆంగ్లేయ రెవెన్యూ అధికారి రడ్జ్ మోటారు సైకిలు మీద వచ్చాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి మాత్రం పరుగెత్తుతున్నది! దానిని చూచిన తరువాత ఆ యువకునికి మరొక ధ్యాస లేకపోయినది. కోయంబత్తూరు చేరి ఒక హోటలులో సర్వరుగా పని చేసి, జీతంలో కూడబెట్టిన డబ్బుతో ఆ మోటారు సైకిలునే కొన్నారు. కొన్నది ఊరేగడానికి కాదు. ప్రతి భాగాన్నీ విప్పి పరిశీలించి, తిరిగి బిగించారు. ఆయన చదివిన కళాశాల అదే.

ఆ కాలపు పెట్రోలు ఇంజను నేర్పే పాఠం సామాన్యమైనది కాదు. బరువును బట్టి ఒక పాలు పెట్రోలుకు సుమారు పదిహేను పాళ్ళు గాలి కలిసినప్పుడే మంట సక్రమంగా ఉంటుంది. పెట్రోలు తగ్గితే మిశ్రమం మందకొడిగా మండుతుంది. తరువాతి పీల్పుకు వాల్వు తెరుచుకొనే వేళకు కూడ మంట ఆరక, కార్బ్యురేటరులోనికి ఎగదన్ని తుపాకి పేలినట్లు చప్పుడు చేస్తుంది. ప్లగ్గు సరిగా వెలగక మండకుండా పోయిన మిశ్రమం సైలెన్సరులో అంటుకొన్నా చప్పుడే. వాల్వు సరిగా కూర్చోకపోయినా, నిప్పురవ్వ వేళ తప్పినా ఫలితం అటువంటిదే. రోగం వేరు, కేక ఒకటి. అందువలన తెలిసిన మెకానిక్కు ముందుగా ట్యాంకు, వడపోత జాలీ, కార్బ్యురేటరు జెట్టు చూస్తాడు, తరువాత ప్లగ్గు, ఆపైన టైమింగు, చివరకు గాని వాల్వుల జోలికి పోడు. తేలికగా విప్పగలిగినదానిని ముందు విప్పడమే ఇందలి రహస్యం.

నేల మీద ఈ దోషం ప్రయాణాన్ని ఆపుతుంది. నీటి మీదనైతే ప్రాణం తీయగలదు. పడవ ట్యాంకు సగం ఖాళీగా ఉంటే రాత్రి చల్లదనానికి లోపలి తేమ నీరై, పెట్రోలు కంటె బరువైనది కనుక అడుగున చేరుతుంది. మరునాడు నడిగోదావరిలో ఇంజను దగ్గి ఆగిపోతే దిగి త్రోయడానికి నేల ఉండదు. పైగా పెట్రోలు ఆవిరి గాలి కంటె బరువైనది. అది పడవ అడుగున నిలిచి ఉండగా కార్బ్యురేటరు నుండి ఒక్క మంట వెలువడితే చాలును. అందుకే పడవ లోపల అమర్చే పెట్రోలు ఇంజనుల కార్బ్యురేటరుకు మంటను అడ్డే జాలీని బిగిస్తారు. పెట్రోలుతో మొదలుపెట్టి కిరోసినుకు మార్చే ఇంజనులను బావుల మీద వాడిన రైతులకు ఇంకొక సంగతి తెలుసు: వేడెక్కక ముందే మార్చితే కిరోసిను ఆవిరి కాదు, ఇంజను మొరాయిస్తుంది.

ఇటువంటి విద్యను చేతులతో అభ్యసించిన నాయుడుగారు 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళనిల మధ్య రవాణా ప్రారంభించారు. 1933 నాటికి వారి యు. ఎం. ఎస్. సంస్థ 280 బస్సులకు పెరిగినది. ఒక్క బస్సు దారిలో ఆగితే ప్రయాణికుని నమ్మకం కూడ అక్కడే ఆగుతుంది. అన్ని బండ్లు నడపడమంటే అన్ని ఇంజనుల నాడి ఎరుగడమే.

1937లో శ్రీ డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి దేశీయంగా విద్యుత్తు మోటారును తయారు చేయించారు. మన బావులకు వచ్చిన మోటార్లకు మూలం ఆ కృషిలో ఉన్నది. గడ్డం గీసుకొనే విద్యుత్తు రేజరు, పండ్లరసం తీసే యంత్రం, కిరోసినుతో తిరిగే పంకా, మోసానికి లొంగని ఓట్ల యంత్రం ఆయన కల్పనలలో కొన్ని. పంకాకు కిరోసిను ఏమిటని నేటి విద్యార్థి నవ్వవచ్చును. కరెంటు ఎరుగని పల్లెలను దృష్టిలో ఉంచుకొంటే నవ్వు ఆగుతుంది.

1945లో ఆర్థర్ హోప్ పేరిట కోయంబత్తూరులో సాంకేతిక విద్యాసంస్థల స్థాపనకు తోడ్పడి, ప్రిన్సిపాలుగా కూడ ఉన్నారు. ఇంజనీరింగు చదువుకు నాలుగేండ్లు వ్యర్థమనీ, రెండేండ్లు చాలుననీ ఆయన వాదం. ప్రభుత్వం అంగీకరించలేదు, ఆయన పదవిని వదలుకొన్నారు. ఈ వాదమంతా ఒప్పుకోవడం కష్టం. వంతెన కట్టేవానికి గణితం లేకుండ చేయి ఒక్కటే చాలదు. అయినను డిగ్రీ చేతబట్టుకొని స్పానరు పట్టడానికి సంకోచించే వారిని చూచినప్పుడు, షెడ్డులో ఉస్తాదు వద్ద నూనె మరకలతో నేర్చుకొనే పిల్లవాడే మేలనిపించక మానదు. కళాశాలల కమిటీలు ఈ తగవును నేటికీ తీర్చలేదు.

1952లో ఇద్దరు కూర్చొనగల పెట్రోలు కారును రెండువేల రూపాయలకు అందించగల విధంగా రూపొందించారు. తయారీకి ప్రభుత్వ అనుమతి లభించలేదు. ఆ కారు బజారు ముఖం చూడలేదు.

నాయుడుగారు 1974 జనవరి 4న కన్నుమూశారు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో వారి పేరిట వెలసిన ప్రదర్శనశాలలలో పాత ఇంజనులు, మోటారు బండ్లు, ఆయన చేసిన పరికరాలు నేటికీ సందర్శకుల కొరకు ఉన్నవి.