గోల్కొండ పేరున్న మేడలో మొదలైన వడ్రంగం

నెల్లూరు నుంచి తీరం వెంబడే దక్షిణానికి పోతే, చెన్నై దాటాక పుదుచ్చేరి వస్తుంది. అక్కడి అరవిందాశ్రమంలో 'గోల్కొండ్' అనే మేడ ఉంది. పేరు మన గోల్కొండదే. హైదరాబాద్ దివాన్ సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం ఇచ్చిన లక్ష రూపాయల విరాళానికి గుర్తుగా పెట్టిన పేరది. ఆ మేడ పని దగ్గరుండి చూసుకోవడానికి వచ్చిన జపనీస్ అమెరికన్ ఆర్కిటెక్ట్, తర్వాతి కాలంలో ప్రపంచం మెచ్చిన ఫర్నిచర్ కళాకారుడయ్యారు. ఆయనే జార్జ్ నకషిమా.

1905లో అమెరికాలోని స్పొకేన్‌లో పుట్టారు. 1930లో ఎంఐటీలో ఆర్కిటెక్చర్ పట్టా తీసుకున్నారు. తర్వాత జపాన్‌లో ఆంటోనిన్ రేమండ్ అనే ఆర్కిటెక్ట్ దగ్గర చేరారు. ఆయనే నకషిమాను పుదుచ్చేరికి పంపారు. ఇక్కడ జీతం కూడా వద్దని ఆశ్రమంలో కలిసిపోయారు. మేడ గదులకు టేకు ఫర్నిచర్ డిజైన్ చేశారు. చెక్క మీద మనసు పడింది అక్కడే.

1940లో అమెరికా తిరిగి వెళ్లాక, అక్కడి పేరున్న భవనాల కట్టుబడి చూసి ఆయనకు విరక్తి పుట్టింది. గీసేవాడు ఒకడు, కట్టేవాడు ఇంకొకడు. మొదటి నుంచి చివరిదాకా తన చేతిలోనే ఉండే పని కావాలనుకున్నారు. సియాటిల్‌లో చిన్న వర్క్‌షాపు పెట్టారు.

అంతలో యుద్ధం వచ్చింది. 1942లో జపాన్ మూలాలున్నారన్న ఒక్క కారణంతో అమెరికా ప్రభుత్వం దాదాపు లక్షా ఇరవై వేల మందిని నిర్బంధ శిబిరాలకు తరలించింది. వాళ్లలో నకషిమా, ఆయన భార్య, నెలల పసిపాప మీరా కూడా ఉన్నారు. తప్పు ఏమీ లేదు, విచారణ లేదు. ఇడాహోలోని మినిడోకా శిబిరంలో గెంతారో హికోగావా అనే వడ్రంగి పరిచయమయ్యారు. జపాన్ సంప్రదాయ పనిలో ఆరితేరిన మనిషి. ఎంఐటీ పట్టా ఉన్న నకషిమా ఆయన దగ్గర శిష్యుడిలా కూర్చుని, రంపం, ఉలి, చిత్రిక పట్టడం, మేకు లేకుండా అతుకు వేయడం నేర్చుకున్నారు. దొరికిన చెత్త చెక్కతోనే ఇద్దరూ పని చేశారు.

1943లో రేమండ్ హామీతో విడుదలయ్యారు. పెన్సిల్వేనియాలోని న్యూ హోప్‌లో మొదట కోళ్ల ఫారం పని చేసుకుంటూనే మళ్లీ ఉలి పట్టారు. మంచి కలప కొనే స్తోమత లేదు. ఇతరులు వద్దన్న పగుళ్ల చెక్కలే తెచ్చుకునేవారు. ఆ పగులును దాచలేదు. సీతాకోకచిలుక ఆకారంలో కోసిన చెక్కముక్కను అడ్డంగా బిగించి, పగులు ఇంకా సాగకుండా ఆపారు. పలక అంచును కూడా చెట్టు పెరిగిన వంపులోనే ఉంచేశారు. లోపం అనుకున్నదే ఆయన పనికి గుర్తింపు అయింది. 1973లో నెల్సన్ రాక్‌ఫెల్లర్ తన ఇంటికోసం రెండు వందలకు పైగా వస్తువులు చేయించుకున్నారు. 1964లో అహ్మదాబాద్ ఎన్ఐడీకి వచ్చి ఇక్కడా ఫర్నిచర్ డిజైన్ చేశారు. 1990లో కన్నుమూశారు. ఆ తర్వాత కూతురు మీరా వర్క్‌షాపును నడిపించారు.

మన నెల్లూరు జిల్లా ఉదయగిరిలో ముస్లిం కుటుంబాలు చెక్క చెంచాలు, గరిటెలు చెక్కుతున్నాయి. ఆ పనికి జీఐ గుర్తింపు కూడా ఉంది. చదువుకున్న పిల్లలకు ఉలి ఎందుకని అక్కడి అమ్మీ అబ్బా అనుకుంటే తప్పు పట్టలేం, కూలి గిట్టుబాటు కావాలి కదా. కానీ నకషిమా చదువు ఆయన చేతిపనికి అడ్డు రాలేదు, దాని విలువ పెంచింది. డిజైన్ చదివిన మన పిల్లలు తాతల పనిముట్ల వైపు ఒకసారి చూస్తే, ఆ పని బతుకుతుంది, వాళ్లకూ బతుకునిస్తుంది.