మట్లి అనంతరాజు

కడప సీమలో ఒంటిమిట్ట యను పుణ్యక్షేత్రము కలదు. అచ్చటి కోదండరామాలయమున సీతారామలక్ష్మణులు ఒకే శిలయందు వెలసి పూజలందుకొనుచున్నారు. ఆ క్షేత్రమునకు చేరువలో, పెన్నానది యొడ్డున, సిద్ధవటము కోట నిలిచియున్నది. ఆ కోటనుండి ఈ సీమను పాలించిన మట్లివంశపు ప్రభువులు ఒంటిమిట్ట యాలయమును ఆదరించి పోషించిరి. వారిలో అనంతరాజు మిక్కిలి ప్రసిద్ధుడు. సాహిత్య చరిత్రలో ఇతనిని మట్ల అనంతభూపాలు డందురు.

1565లో జరిగిన తళ్లికోట యుద్ధముతో విజయనగర సామ్రాజ్యము బలము కోల్పోయెను. 1586 ప్రాంతమున వేంకటపతిరాయలు సింహాసన మెక్కునప్పటికి పలువురు సామంతులు ఎదురు తిరుగుచుండిరి. అట్టి కష్టకాలమున రాయల పక్షమున నిలిచి పోరిన వీరులలో అనంతరాజు తండ్రి ఎల్లమరాజు ఒకడు. అతడు ఊటుకూరు యుద్ధమున కొండ్రాజు తిరుపతిరాజును ఓడించి సిద్ధవటమును గైకొనెను.

యుద్ధము ముగిసిన పిమ్మట రణభూమిపై మరల నాగలి సాగును. ఒక తరము గడచిన యెడల, అచ్చట నెవరు పోరిరో చెప్పువా రుండరు. తండ్రి పరాక్రమ మట్లు మరుగున పడుట అనంతరాజున కిష్టము లేకపోయెను. తండ్రి గెలిచిన కోటను కాపాడుటయే పుత్రుని మొదటి ధర్మమని యెంచి, సిద్ధవటము చుట్టును దృఢమైన రాతిగోడ కట్టించెను. శాలివాహన శకము 1527లో, అనగా 1605లో, అచ్చట నొక శాసనము వేయించెను. అందు తన నిర్మాణమును మాత్రమే చెప్పుకొనక, తండ్రి ఊటుకూరులో సాధించిన విజయమును గూడ చెక్కించెను.

అనంతరాజు కత్తితోపాటు గంటమును పట్టిన ప్రభువు. అతడు కకుత్స్థ విజయ మను కావ్యమును రచించి, అందు తన వంశమువారి వీరచరిత్రమును గూడ పద్యములలో నిలిపెను. కకుత్స్థుడు శ్రీరాముని పూర్వుడు. దేవాసుర యుద్ధమున దేవతలు సాయము కోరగా, వృషభరూపము దాల్చిన యింద్రుని మూపురముపై కూర్చుండి అసురులను జయించెనని పురాణములు చెప్పుచున్నవి. కకుత్తు అనగా మూపురము. ఆ విజయమువలన అతనికి కకుత్స్థుడను పేరు కలిగెను. అతని వంశమున పుట్టుటచే శ్రీరాముడు కాకుత్స్థు డాయెను. ఒంటిమిట్టలో కొలువైన దేవుడు సైతము పూర్వుని యుద్ధకీర్తిని తన పేరుగా ధరించినవాడే! తండ్రి విజయమును మరువని అనంతరాజు, అట్టి వీరుని పేర కావ్యము వ్రాయుట ఎంతయు తగియున్నది.

కాలక్రమమున విజయనగర రాజ్యము అంతరించెను. మట్లివారి పాలనయు ముగిసెను. అయినను నాలుగు వందల యేండ్లకు పిమ్మట గూడ ఎల్లమరాజు పేరు మనకు తెలియుచున్నది. దానికి కారణము అతని ఖడ్గము కాదు. కుమారుడు రాతిపై చెక్కించిన అక్షరములు, కావ్యమున నిలిపిన పద్యములు. పెద్దలు సంపాదించిన దానిని అనుభవించుట అందరికిని సులభమే. వారు పడిన శ్రమను గుర్తుంచుకొని, రాబోవు తరములకు తెలియజేయువాడే నిజమైన వారసుడు.